మార్కులు చదివితిమి, పేరు మరచితిమి

ధ్యాన భాగము: దానియేలు 1, 2 అధ్యాయములు. ఈ పుటలు చదువుటకు ముందు బైబిలు తెరచి, ఇంటివారందరు వినునట్లు ఈ రెండు అధ్యాయములను చదువుకొనుడి.



ప్రతి సంవత్సరము వేసవిలో పరీక్షా ఫలితములు వెలువడిన తరువాత వచ్చు ఆదివారమున మన గుడిలో ఒక ఆచారము కలదు. మంచి మార్కులతో నెగ్గిన పిల్లలను పేరుపేరున ముందుకు పిలుతుము. సంఘమంతయు చప్పట్లు కొట్టును. ఒక్కొక్కరికి ఒక బైబిలో, ఒక పెన్నో బహుమానమిత్తుము. తల్లులు కొంగు ముడి విప్పి కృతజ్ఞతార్పణ వేయుదురు. ఇది మంచి ఆచారమే. కూలినాలి చేసి బిడ్డను చదివించిన తల్లికి అది పండుగ దినము. ఆ పండుగను ఎవరును తీసివేయనక్కరలేదు.

అయితే కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి ఆదివారమున నేను చేసిన ఒక తప్పును మీ యెదుట ఒప్పుకొని ఈ ధ్యానమును ప్రారంభింపవలెనని యున్నది.

మా సంఘములో ఒక బాలుడుండెను. ఒకటవ తరగతి నుండి బడిలో అతడే మొదటివాడు. సండేస్కూలులో వాక్యములు కంఠత పెట్టుటలో అతని తరువాతనే ఎవరైనను. ఏటేట గుడిలో నేను చదువు జాబితాలో మొదటి పేరు అతనిదే. పదవ తరగతి నెగ్గిన పిమ్మట తండ్రి అప్పుచేసి అతనిని పట్టణములో ఒక హాస్టలు కాలేజీలో చేర్చెను. మేమందరము ప్రార్థన చేసి సాగనంపితిమి. మరుసటి వేసవిలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు ఫలితములు వచ్చెను. ఆ బాలుడు రెండు సబ్జెక్టులు తప్పెను.

ఆ ఆదివారము నేను జాబితా చదివితిని. అతని పేరు అందులో లేదు. లేదను తలంపైనను నాకు రాలేదు. కడవరి కీర్తన పాడుచుండగా మగపిల్లల వరుసలో ఒక చోటు ఖాళీయగుట నా భార్య చూచి, ఆరాధన ముగిసిన తరువాత నాతో చెప్పెను. సాయంకాలము నేను వెదకుకొనుచు పోగా అతడు చెరువుగట్టున కూర్చుండి యుండెను. నేనును ప్రక్కన కూర్చుంటిని. చాలసేపు మాట లేదు. చివరకు అతడే అడిగెను: “అయ్యగారూ, ఈసారి నా పేరు చదవలేదేమండీ?”

“అది పాసైనవాళ్ల జాబితా కదా నాయనా” అంటిని. ఆ మాట నా నోట వచ్చిన వెంటనే దాని బరువు నాకు తెలిసినది. అతడు నీళ్లవైపు చూచుచునే, “అంటే మార్కులు లేకపోతే నేను లేనట్టేనాండీ?” అనెను.

ప్రియులారా, పదునేడేండ్ల పిల్లవాడు అడిగిన ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు నా యొద్ద జవాబు లేకపోయెను. ఈ నెల మన ధ్యానమంతయు ఆ ప్రశ్నకు జవాబు వెదకుటయే.

బబులోను హాస్టలులో నలుగురు విద్యార్థులు

పరిశుద్ధ గ్రంథములో తెలివిగల విద్యార్థులను గూర్చి తెలిసికొనగోరువారు దానియేలు గ్రంథపు మొదటి అధ్యాయమునకు పోవలెను. నెబుకద్నెజరు రాజు యెరూషలేమును పట్టుకొనిన పిమ్మట యూదుల పిల్లలలో రూపము, తెలివి, చురుకు గలవారిని ఏరించెను. తల్లిదండ్రులకును ఊరికిని దూరముగా వారిని తెచ్చి, రాజగృహములో ఉంచి, కల్దీయుల భాషను, వారి విద్యను నేర్పించెను. చదువు మూడు సంవత్సరములు. భోజనము రాజుగారి బల్లనుండి. చివర రాజు ఎదుటనే పరీక్ష. దానియేలు, హనన్యా, మిషాయేలు, అజర్యా అనువారు ఆ పిల్లలలో నలుగురు. ఏరి తెచ్చుట, ఇల్లు విడుచుట, క్రొత్త భాష, కట్టడిలో భోజనము, చివర పెద్ద పరీక్ష: ఇవన్నియు నేటి మన పిల్లలకు తెలియనివి కావు.

ఆ నలుగురు పరీక్షలో ఎట్లు నెగ్గిరో మనకందరికి తెలియును. రాజ్యములోని పండితులందరికంటె వారు పదింతలు మేలైనవారుగా కనబడిరని 20వ వచనము తెలుపుచున్నది. మనము ఆ వచనమునే బిగ్గరగా చదువుదుము. బహుమానముల ఆదివారమునకు అది తగిన వచనము. కాని గ్రంథకర్త ఆ మార్కులను అధ్యాయము చివర చెప్పెను. వాటికి ముందు ఆ బాలుర హృదయములను చూపెను. ఆ వరుసను మనము గమనింపవలెను.

మొదటిది, దానియేలు తన మనసు తాను ఎరిగినవాడు. రాజు పెట్టు భోజనముచేత తాను అపవిత్రుడు కాగూడదని అతడు నిశ్చయించుకొనెనని 8వ వచనములో నున్నది. తనకేది తగును, తనకేది తగదు అను సంగతి లోపల తేటగా నుండెను.

రెండవది, ఎదుటివాని మనసు ఎరిగినవాడు. ఆ బాలుర పైనున్న అధికారి, వీరు చిక్కిపోయినచో రాజు తన తల తీయించునని భయపడెను. నేటి పిల్లవాడైతే ఆ అధికారిని తిట్టుకొనుచు పోవును. దానియేలు ఆ భయమును తప్పుపట్టలేదు. అది నిజమైన భయమని గ్రహించెను. పై అధికారితో వాదము పెంచక, తమను దగ్గరనుండి చూచుకొనువాని యొద్దకు పోయి, పది దినములు శాకాహారమిచ్చి పరీక్షించి చూడుమనియు, తరువాత అతనికి తోచినట్లు చేయుమనియు వినయముతో అడిగెను. తన నిశ్చయము విడువలేదు, ఎదుటివానిని చిక్కులో పెట్టను లేదు.

మూడవది, భయము వచ్చినప్పుడు తన నోటిని ఏలుకొనినవాడు. రెండవ అధ్యాయములో ఇద్దరు మనుష్యులను ప్రక్కప్రక్కన చూడుడి. దేశదేశములను ఏలు రాజు తన కోపమును ఏలలేకపోయెను. తన కలను ఎవరును చెప్పలేదని పండితులనందరిని చంపుమనెను. చంపుటకు అర్యోకు వచ్చినప్పుడు, చావు వాకిట నిలిచిన విద్యార్థి తెలివితోను నెమ్మదితోను మాటలాడి, ఇంత త్వరపాటు ఏలయని అడిగెను. సామెతలు 16:32 తెరచి చూడుడి. పట్టణమును గెలుచువాడు గొప్పవాడా, తన మనసును గెలుచువాడు గొప్పవాడా అను ప్రశ్నకు అక్కడ జవాబున్నది.

నాలుగవది, భారమును ఒంటరిగా మోయనివాడు. రాజునొద్ద గడువు అడిగిన వెంటనే దానియేలు ఎక్కడికి పోయెను? గది తలుపు వేసికొని ఒక్కడే ఏడ్వలేదు. ఇంటికి పోయి తన ముగ్గురు స్నేహితులకు సంగతి తెలిపి, కలిసి ప్రార్థింతమని కోరెను (2:17, 18). పదింతలు తెలివిగలవాడు కూడ నాకు భయముగా నున్నది, నాతోకూడ ప్రార్థింపుడని అడిగినాడు. అది తెలివికి తక్కువ కాదు.

దానియేలు అను పేరునకు “దేవుడు నా న్యాయాధిపతి” అని యర్థము. బబులోనులో ఆ పేరు తీసివేసి బెల్తెషాజరు అను పేరు పెట్టిరి. అయినను అతడు తన మొదటి పేరును హృదయములో దాచుకొనెను. రాజు పరీక్ష చేయవచ్చును, మార్కులు వేయవచ్చును. తన వెలను నిర్ణయించువాడు మాత్రము వేరొకడున్నాడని అతనికి తెలియును. ఆ సంగతి మన పిల్లలకు ఎవరు చెప్పుచున్నారు?

ఊరికి మొదటివాడు, గదిలో ముప్పదవవాడు

తెలివిగల పిల్లవానికి ఏమి కష్టమని కొందరు అడుగుదురు. మందమతికి గదా సహాయము కావలసినదందురు. ఇక్కడనే మనము పొరబడుచున్నాము.

మన పల్లెల నుండి తెలివిగల పిల్లలను ఏరుకొను బడులు ఈ కాలములో అనేకములు కలవు. 1986లో ప్రారంభమైన నవోదయ విద్యాలయములు ఆరవ తరగతిలో ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లలను చేర్చుకొనును. వాటిలో నూటికి 75 సీట్లైనను పల్లె పిల్లలకే. గురుకుల పాఠశాలలు కలవు. పట్టణములలో హాస్టలు కాలేజీలు కలవు. వీటివలన కూలివాని బిడ్డలు డాక్టర్లు, ఇంజనీర్లు అయిరి. అందుకు దేవునికి స్తోత్రము.

అయితే ఒక లెక్క చూడుడి. ముప్పది ఊళ్లలో మొదటివారైన ముప్పదిమంది పిల్లలను ఒక గదిలో కూర్చుండబెట్టినచో, వారిలో ఒకడు ముప్పదవవాడు కాక తప్పదు. అతని తెలివి తరుగలేదు. అతడు కూర్చుండిన గది మారినది. కాని ఆ సంగతి అతనికి ఎవరును చెప్పలేదు. పుట్టిన తరువాత మొదటిసారి అతనికి “నేను ఏమియు కాను” అని తోచును. ఓడిపోవుట అతనికి అలవాటు లేదు. ఏటేట నాలుగైదు మార్కులతో గట్టెక్కిన పిల్లవానికి పడిలేచుట తెలియును. ఎన్నడును పడనివానికి లేచుట ఎవరు నేర్పిరి?

పైగా తెలివిగల పిల్లవాడు సందేహము అడుగుటకు సిగ్గుపడును. ఎల్లప్పుడు అతనిని తెలిసినవాడనియే పిలిచితిమి. బాధ చెప్పబోయినచో “నీకేమిరా, నీవు తెలివిగలవాడవు” అని నోరు మూయింతుము. ఆడపిల్ల యైనచో ఇంకొక భయము. ఒక పరీక్ష తప్పినచో ఇక చదువు చాలు, సంబంధము చూతమందురని ఆమెకు తెలియును. కాబట్టి ఆ బిడ్డ కన్నీరు దిండుకే తెలియును.

ఇది చిన్న సంగతి కాదు. 2022వ సంవత్సరములో మన దేశములో 13,000 మందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తామే తీసికొనిరని ప్రభుత్వపు నేర గణాంకములు తెలుపుచున్నవి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన కొద్ది దినములలో 20 మందికి పైగా విద్యార్థులు అట్లు పోయిరి. ఆ ఫలితములలో తప్పులు దొర్లినవని ఆందోళన చెలరేగగా, తప్పిన పిల్లలందరి జవాబు పత్రములు రుసుము లేకుండ మరల పరిశీలింపవలెనని ప్రభుత్వము ఆదేశించెను. కాగితముమీది అంకెను దిద్దవచ్చును. పోయిన బిడ్డను ఏ కార్యాలయము తిరిగి తేగలదు? ఒక్కొక్క మరణమునకు అనేక కారణములుండును. ఒక్క మాటతో ఎవరిని నిందింపరాదు. అయినను మార్కులకంటె నీవు మాకు ఎక్కువని ఆ బిడ్డ చెవులార విన్నదా అని ప్రతి ఇల్లును, ప్రతి సంఘమును అడుగుకొనవలెను.

పండితులు కనుగొనినది

దానియేలులో మనము చూచిన ఆ నాలుగు గుణములను నేటి పండితులు “భావోద్వేగ ప్రజ్ఞ” అని పిలుచుచున్నారు. 1990లో పీటర్ సాలోవే, జాన్ మేయర్ అను ఇద్దరు అమెరికా పండితులు దీనిని వివరించి వ్రాసిరి. పల్లెమాటలో చెప్పవలెననిన, తన మనసు తాను ఎరుగుట, దానిని అదుపులో నుంచుకొనుట, ఎదుటివాని మనసు ఎరిగి మసలుకొనుట. ఈ గుణము చదువునకు అక్కరకు వచ్చునా? 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, అనేక దేశములలో జరిగిన అధ్యయనములను కలిపి, 42,000 మందికి పైగా విద్యార్థుల లెక్కలు చూచిరి. ఈ గుణము ఎక్కువగా గలవారికి సాధారణముగా మార్కులు కూడ కొంత ఎక్కువగా వచ్చుచున్నవని తేలెను. తెలివి, కష్టించు గుణము అను వాటిని లెక్కలోనికి తీసికొనిన తరువాత కూడ దీనికి కొంత పాలు మిగిలెను. ఆ పాలు మిక్కిలి పెద్దది కాదు, లేనిదియు కాదు. పరీక్షకు ముందు దిగులును, తక్కువ మార్కు వచ్చినప్పటి నిరాశను తట్టుకొనగల పిల్లలు పుస్తకమునొద్దకు తిరిగి రాగలరు గదా.

దీనికంటె పాతదియైన ఇంకొక సంగతి కలదు. 1921లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లూయిస్ టెర్మన్ అను ఆచార్యుడు మిక్కిలి తెలివిగల పిల్లలను పరీక్షలు పెట్టి ఏరుటకు పూనుకొనెను. 1,500 మందికి పైగా దొరికిరి. వారు పెరిగి పెద్దవారై, ముసలివారగువరకు వారి బ్రదుకులను అతడును, అతని తరువాతివారును కనిపెట్టుచు వచ్చిరి. వారిలో బాగుగా రాణించిన 150 మంది పురుషులను, అంతగా రాణింపని 150 మందిని విడదీసి పోల్చి చూడగా, బాల్యమందలి తెలివిలో ఆ రెండు గుంపులకును పెద్ద భేదము లేదు. పెరిగిన ఇంటి పరిస్థితులలో భేదముండెను. పట్టుదల, గురి, ఆత్మవిశ్వాసము, నేను తక్కువవాడనను భావము లేకుండుట, ఈ గుణములలో భేదముండెను.

ఆ పరీక్షలకు కూర్చుండి, మార్కులు చాలక జాబితాలో చేరని పిల్లలును కలరు. వారిలో ఇద్దరు విలియం షాక్లీ, లూయిస్ ఆల్వరెజ్. ఆ ఇద్దరును పెద్దవారై భౌతికశాస్త్రములో నోబెల్ బహుమానము పొందిరి. షాక్లీకి 1956లోను, ఆల్వరెజ్‌కు 1968లోను వచ్చెను. ఏరిన 1,500 మందిలో ఒకరికైనను ఆ బహుమానము రాలేదు. జాబితా వ్రాసిన ఆచార్యుడు మంచివాడే. కాని ఏ మనుష్యుని జాబితాయు పూర్తి జాబితా కాదు.

అయితే షాక్లీ కథ అక్కడ ముగియలేదు. మన ఇండ్లలో మ్రోగిన ట్రాన్సిస్టరు రేడియోకు, నేటి సెల్‌ఫోనుకు మూలమైన ట్రాన్సిస్టరును కనిపెట్టిన ముగ్గురిలో అతడొకడు. అంతటి మేధావి 1956లో ఒక ప్రయోగశాల పెట్టి, మిక్కిలి చురుకైన యువకులను ఏరి చేర్చుకొనెను. వారిని అనుమానించుచు, అణచుచు నుండగా, అతనితో వేగలేక 1957లో ఎనిమిదిమంది ఒక్కసారిగా విడిచిపోయి వేరొక సంస్థ స్థాపించిరి. అతని ప్రయోగశాల నిలువలేదు. పరీక్ష తప్పినవాడు నోబెల్ బహుమానము తెచ్చుకొనవచ్చును. నోబెల్ బహుమానము తెచ్చుకొనినవాడు తోటి మనుష్యుల యెదుట పరీక్ష తప్పవచ్చును. ఈ రెండును ఒక్క మనిషియందే చూచుచున్నాము.

ఒక్క ఓటమికి కూలినవాడు

బైబిలులో దానియేలునకు ఎదురుగా ఒకని నిలుపుదును. అతడు అహీతోపెలు. దావీదునకు ఆలోచనకర్త. ఆ దినములలో అతని ఆలోచన దేవునియొద్ద విచారించినట్లే యెంచబడెనని 2 సమూయేలు 16:23 చెప్పుచున్నది. ఇశ్రాయేలు దేశములో అంతకంటె పెద్ద మార్కు ఎవరికి వచ్చినది? అతడు అబ్షాలోముతో చేరెను. ఒక దినమున అతని ఆలోచనను కాదని హూషై ఆలోచనను అంగీకరించిరి. తన మాట సాగలేదని చూచి, అతడు గాడిదనెక్కి తన ఊరికి పోయి, ఇల్లు చక్కబెట్టుకొని, తన ప్రాణము తానే తీసికొనెను (17:23). రాజద్రోహములో చేయి కలిపినవానికి వేరు భయములును ఉండియుండవచ్చును. అయినను వాక్యము ప్రారంభించునది ఆ ఒక్క త్రోపుడుతోనే. దారి పొడవునను, ఇల్లు చేరిన తరువాతను అతడు ఒక్కరితోనైనను తన మనసు విప్పినట్లు వ్రాయబడలేదు. ఊరందరికి ఆలోచన చెప్పినవాడు, తనకు ఆలోచన చెప్పుమని ఎవరిని అడుగలేదు. దానియేలు భయము కలిగినప్పుడు స్నేహితులయొద్దకు పోయెను. ఇద్దరును ఇంటికే పోయిరి. ఒకడు నోరు తెరచెను, ఒకడు తెరువలేదు.

తప్పినవారితో దేవుడు వ్యవహరించు విధము

ఇక తప్పిపోయినవారిని మన దేవుడు ఎట్లు ఆదరించెనో చూడుడి. ఏలీయా కర్మెలుమీద అంతటి విజయము పొంది, ఆ తరువాత ప్రాణభయముతో అరణ్యమునకు పారిపోయి, చెట్టుక్రింద కూర్చుండి, చావు కోరుకొనెను (1 రాజులు 19). దేవుడు అతనిని గద్దించెనా? లేదు. నిద్రపోనిచ్చెను. దూత అతనిని తట్టి లేపి, కాల్చిన రొట్టెయు నీళ్లును చూపెను. తిని మరల పండుకొనెను. రెండవసారి కూడ రొట్టెయే. ప్రయాణము నీ శక్తికి మించినదని దూత జాలిపడెను. ప్రశ్న వచ్చినది ఆ తరువాతనే. అప్పుడును దేవుడు అతనిని పేరు పెట్టి పిలిచి, ఇక్కడ నీకేమి పని యని అడిగి, అతని మొర అంతయు వినెను. పిమ్మట నీవు ఒంటరివి కావని తెలిపి, తోడుగా ఎలీషాను చూపెను.

తిబెరియ సముద్రతీరమున మన ప్రభువు చేసినదియు ఇదియే (యోహాను 21). మూడుసార్లు బొంకి తప్పిన పేతురు ఒడ్డునకు రాగా, అక్కడ నిప్పులు, చేపలు, రొట్టె సిద్ధముగా నుండెను. భోజనమైన తరువాతనే మాట. ఆ మాట “ఎందుకు తప్పితివి?” అనునది కాదు. తండ్రి పేరుతో సహా పేరు పెట్టి పిలిచి, నన్ను ప్రేమించుచున్నావా యని అడిగి, తన గొఱ్ఱెలను అతని చేతికి అప్పగించెను. ముందు అన్నము, తరువాత పేరు, ఆ తరువాత పని. ఫలితములు వచ్చిన దినమున క్రైస్తవ గృహము నడువవలసిన వరుస ఇదియే.

మనము చేయవలసినది

తల్లిదండ్రులారా, ఫలితములు రాకముందే బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, “ఏమి వచ్చినా నువ్వు మా బిడ్డవే, ఇంటికి రావడానికి భయపడొద్దు” అని నోటితో చెప్పుడి. మనసులో నున్నది గదాయని ఊరకుండవద్దు. హాస్టలుకు ఫోను చేసినప్పుడు మొదట మార్కులు అడుగవద్దు. తిన్నావా, నిద్ర పట్టుచున్నదా, ఎవరితో స్నేహముగా నున్నావు అని అడుగుడి. అప్పు సంగతి బిడ్డకు తెలియవచ్చును, కాని దానిని పదేపదే గుర్తుచేసి బిడ్డ మెడకు కట్టవద్దు. బిడ్డ తిండి మాని, మాటలు తగ్గించి, తాను మీకు భారమని అనుచున్నచో, “పిచ్చి మాటలు మాను” అని కసరవద్దు. ఒంటరిగా విడువవద్దు. ప్రక్కన కూర్చుండి వినుడి, డాక్టరు యొద్దకు తీసికొనిపొండి. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ అను సహాయ కేంద్రమునకు 14416 అను నంబరుకు రాత్రింబగళ్లు డబ్బు లేకుండ ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడవచ్చును. ప్రార్థన చేయువాడు డాక్టరును పిలుచుట అవిశ్వాసము కాదు. ఏలీయాకు దేవుడు దూతచేతనే రొట్టె పంపెను గదా.

సంఘ పెద్దలారా, సండేస్కూలు ఉపాధ్యాయులారా, బహుమానములు ఇయ్యుడి, మానవద్దు. కాని తోటివానికి లెక్కలు నేర్పిన పిల్లను కూడ పిలువుడి. తప్పి మరల వ్రాయ సిద్ధపడిన పిల్లవానిని కూడ పిలువుడి. హాస్టలులో నున్న మన పిల్లల పేర్లు వ్రాసికొని, నెలకొకసారియైనను ఒక పెద్ద వారితో మాటలాడునట్లు పంచుకొనుడి.

పిల్లలారా, మన ప్రభువు పండ్రెండేండ్లవాడై దేవాలయములో బోధకుల మధ్య కూర్చుండినప్పుడు, వారి మాటలు వినుచు, వారిని ప్రశ్నలు అడుగుచు నుండెనని లూకా 2:46 చెప్పుచున్నది. అందరును విస్మయమొందిన బాలుడే అడుగుటకు సిగ్గుపడలేదు. మీరేల సిగ్గుపడవలెను? తరువాత ఆయన నజరేతునకు వచ్చి తల్లిదండ్రులకు లోబడి యుండెను. తెలివి మీకు దేవుడిచ్చిన దానము. అది తోటివానిని తక్కువ చేయుటకు కాదు, మీరు తప్పినప్పుడు మిమ్మును మీరు శిక్షించుకొనుటకును కాదు. ఇంటర్మీడియట్ తప్పినవారికి అదే సంవత్సరము మరల వ్రాయు పరీక్ష కలదు. పరీక్షకు మరియొక తేదీ దొరకును. మీకు బదులు మరియొకరు మాకు దొరకరు.

చెరువుగట్టు నుండి లేచి ఆ సాయంకాలము మేమిద్దరము మా ఇంటికి పోతిమి. నా భార్య అన్నము పెట్టెను. అతడు తినెను. చదువు మాట ఎత్తలేదు. చీకటి పడిన తరువాత అతని తండ్రి లాంతరు తీసికొని వెదకుకొనుచు వచ్చి, వాకిట నిలిచి, కుమారుని చూచి మాట రాక ఏడ్చెను. కుమారుడును ఏడ్చెను. ఆ రాత్రి వారిద్దరు కలిసి ఇంటికి నడచి పోయిరి.

మరుసటి ఆదివారము నేను సంఘమునెదుట నా తప్పు ఒప్పుకొంటిని. తరువాత మార్కుల జాబితా కాక, సంఘపు రిజిస్టరు తెరచి, మా పిల్లల పేర్లన్నియు చదివితిని. బడికి పోవువారివి, బడి మానినవారివి, నెగ్గినవారివి, తప్పినవారివి, మాటలు రాని చంటిబిడ్డలవి. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్కరు లేచి నిలిచిరి. అతని పేరు వచ్చినప్పుడు అతడును లేచి నిలిచెను. చప్పట్లు లేవు. అందరము కలిసి ఆ పిల్లలకొరకు ప్రార్థించితిమి.

తప్పిన రెండు పరీక్షలను అతడు మరల వ్రాసి నెగ్గెను. కాని ఆ సంగతితో ఈ ధ్యానమును ముగింపను. అతడు నెగ్గకపోయినను ఆ పేరు మా రిజిస్టరులో నుండెడిదే, మేము చదివెడివారమే. యెషయా 43:1 తెరచి చూడుడి. మనలను విమోచించినవాడు మనలను పేరు పెట్టి పిలిచెను. ఆయన మార్కులు చూచి పిలువలేదు. చెరువుగట్టున ఆ బాలుడు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదియే. ఈ వేసవిలో మీ ఇంటిలోను, మీ గుడిలోను ఏ బిడ్డయు ఆ ప్రశ్న అడుగవలసిన అవసరము రాకుండునట్లు చూచుకొనుడి.

ప్రార్థన: మమ్మును పేరు పెట్టి పిలిచిన తండ్రీ, మా పిల్లలకు నీవు ఇచ్చిన తెలివికొరకు నీకు స్తోత్రములు. వారి బుద్ధిని ప్రేమించి వారి హృదయమును మరచిన మా తప్పును క్షమించుము. దూరముగా హాస్టళ్లలో నున్న బిడ్డలకు మంచి స్నేహితుల నిమ్ము. ఈ రాత్రి దిండుమీద ఏడ్చుచున్న బిడ్డకు నీ దూతనంపి రొట్టెయు నిద్రయు దయచేయుము. తప్పివచ్చిన బిడ్డకు మా తలుపు తెరచి యుండునట్లు చేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.